మీకు తెలుసా? టూర్ క్యాన్సిల్ చేశాక డబ్బు ఎవరి దగ్గర ఆగుతుంది

నాన్ రిఫండబుల్ టికెట్ మీద కూడా కొంత వెనక్కి వస్తుంది

విమాన టికెట్ మీద 'నాన్ రిఫండబుల్' అని ఉంటే చాలామంది ఆ డబ్బు మీద ఆశ వదిలేసుకుంటారు. అంత తొందర అక్కర్లేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ఆ ముద్ర టికెట్ మూల చార్జీకే వర్తిస్తుంది. పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, ప్యాసింజర్ సర్వీస్ ఫీజు లాంటివి ప్రయాణం చేయని మనిషికి తిరిగివ్వాల్సిందే. శంషాబాద్‌లో అడుగే పెట్టనివాడి నుంచి శంషాబాద్ విమానాశ్రయం ఫీజు ఎందుకు తీసుకుంటారు? క్యాన్సిలేషన్ చార్జీకి కూడా హద్దు ఉంది. మూల చార్జీ, ఇంధన సర్‌చార్జీ కలిపితే ఎంతో అంతకు మించి కోయకూడదు. రిఫండ్ ప్రాసెస్ చేసినందుకు ఎయిర్‌లైన్ విడిగా రుసుము వేయకూడదు.

'మీ డబ్బు క్రెడిట్ షెల్‌లో పెట్టాం, మళ్లీ టికెట్ కొనుక్కున్నప్పుడు వాడుకోండి' అంటే ఒప్పుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం. ఎయిర్‌లైన్ తనంతట తాను అలా చేసేయడానికి వీల్లేదు.

'ఎయిర్‌లైన్ నుంచి ఇంకా రాలే అన్నా'

కీసర, నాగారం, దమ్మాయిగూడ, ఈసీఐఎల్ చుట్టుపక్కల టూర్లు బుక్ చేసే చిన్న ఆఫీసుల్లో రిఫండ్ అడిగినవాళ్లు తరచూ వినే జవాబు ఇది. కొన్నిసార్లు అది నిజమే. కొన్నిసార్లు కాదు. ఏది ఎప్పుడో తెలియాలంటే డబ్బు నడిచే దారి తెలియాలి.

చిన్న ఏజెంట్లలో చాలామంది టికెట్‌ను నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొనరు. ఏజెంట్లకు మాత్రమే టికెట్లు అమ్మే పెద్ద పోర్టల్ ఒకటి మధ్యలో ఉంటుంది. ఏజెంటు ముందే అక్కడ కొంత డబ్బు వేసి పెట్టుకుంటాడు, దాన్ని వాలెట్ అంటారు. మీరు ఫోన్‌పేలో కొట్టిన డబ్బు అతని ఖాతాలో పడుతుంది, టికెట్ డబ్బు మాత్రం ఆ వాలెట్‌లోంచి పోతుంది. క్యాన్సిల్ చేస్తే అదే దారిలో వెనక్కి రావాలి. ఎయిర్‌లైన్ నుంచి పోర్టల్‌కు, పోర్టల్ నుంచి ఏజెంటు వాలెట్‌కు. అక్కడితో యంత్రం పని అయిపోతుంది. వాలెట్ నుంచి మీ ఖాతాకు రావాల్సిన చివరి అడుగు మాత్రం ఒక మనిషి వేయాలి. రేపటి గిరాకీ టికెట్లకు అదే వాలెట్ కావాలి కాబట్టి ఆ అడుగు ఆలస్యమవుతుంది. డబ్బు మింగేద్దామన్న దురుద్దేశం ప్రతిసారీ ఉండకపోవచ్చు. మీ డబ్బుతో అతని వ్యాపారం తిరుగుతుండటం మాత్రం నిజం.

అందుకే 'రిఫండ్ ఎప్పుడిస్తవ్ తమ్మీ?' అని పదిసార్లు ఫోన్ చేసేకంటే, టికెట్ మీది పీఎన్ఆర్ నంబరుతో నేరుగా ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్‌కు ఒక్కసారి చేయడం మేలు. 'ఈ పీఎన్ఆర్ మీద రిఫండ్ ఇచ్చారా, ఏ తేదీన, ఎంత, ఎవరికి?' ఈ నాలుగు ముక్కలు అడిగి, జవాబు మెయిల్‌లో పంపమనండి. ఆ మెయిల్ చేతిలో ఉన్నాక ఏజెంటుతో మాట తీరు మారుతుంది.

ఏజెంటు ద్వారా కొన్న టికెట్ అయినా సరే, డీజీసీఏ లెక్కలో రిఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే, ఎందుకంటే ఏజెంటు వాళ్లు పెట్టుకున్న ప్రతినిధి. ఈ రిఫండ్‌కు నిబంధనల్లో చాలాకాలం 30 పని దినాల గడువు ఉండేది. దాన్ని 21కి తగ్గించాలని 2025 నవంబరు ముసాయిదాలో ప్రతిపాదించారు. క్రెడిట్ కార్డుతో ఎయిర్‌లైన్ దగ్గరే కొన్నవాళ్లకు 7 రోజులు చాలన్నారు. ఒకే విమానం, పక్కపక్క సీట్లు, అయినా డబ్బు చేరే గడువులో ఇంత తేడా!

610 కోట్లు వెనక్కి వచ్చిన రోజులు

2025 డిసెంబరు మొదటి వారం శంషాబాద్‌లో ఇరుక్కున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డిసెంబరు 5న ఒక్కరోజే ఇండిగో దేశమంతటా వెయ్యికి పైగా విమానాలు రద్దు చేసింది. రిఫండ్లన్నీ డిసెంబరు 7 రాత్రి 8 గంటల్లోపు పూర్తి చేయాలని పౌర విమానయాన శాఖ గడువు పెట్టింది. ఆ సాయంత్రానికి 610 కోట్ల రూపాయలు తిరిగిచ్చినట్టు లెక్క చెప్పారు. ప్రభుత్వం గట్టిగా అంటే రెండు మూడు రోజుల్లో కూడా రిఫండ్ నడుస్తుందని అప్పుడు తెలిసింది. ట్రావెల్ పోర్టళ్లు, ఏజెంట్ల ద్వారా కొన్నవాళ్లకు మాత్రం ఆ మధ్య మెట్టు అప్పుడూ తప్పలేదు.

లాక్‌డౌన్ టికెట్ డబ్బు కోసం నాలుగేళ్లు

2020 లాక్‌డౌన్‌లో ఆగిపోయిన టికెట్ల మీద ప్రవాసీ లీగల్ సెల్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్ రోజుల్లో బుక్ చేసుకుని, ఆ రోజుల్లోనే ప్రయాణించాల్సిన టికెట్లకు పూర్తి డబ్బు వెంటనే ఇవ్వాలంది. అంతకుముందు కొన్న టికెట్ల విషయంలో, ఇబ్బందుల్లో ఉన్న ఎయిర్‌లైన్లు 2021 మార్చి 31 దాకా చెల్లే క్రెడిట్ షెల్ ఇవ్వొచ్చంది. ఏజెంటు ద్వారా కొన్నదైతే ఎయిర్‌లైన్ ఇచ్చిన డబ్బును ఏజెంటు వెంటనే ప్రయాణికుడికి చేర్చాలని విడిగా చెప్పింది.

అంత స్పష్టంగా చెప్పాక కూడా ఏం జరిగిందంటే, 2021లో యాత్రా అనే ఆన్‌లైన్ ట్రావెల్ సంస్థ దగ్గర 36,276 బుకింగ్‌ల తాలూకు 26 కోట్లకు పైగా రిఫండ్ పెండింగ్‌లో తేలింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కేసు చేపట్టి విచారణల మీద విచారణలు జరిపితే, 2024 జూన్ నాటికి అది 4,837 బుకింగ్‌లకు, రెండున్నర కోట్లకు దిగింది. మిగిలినవాళ్లకు ఫోన్ చేసి మరీ డబ్బు ఇవ్వడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఐదు సీట్లు ప్రత్యేకంగా పెట్టాలని 2024 జూన్ 27న యాత్రాను ఆదేశించింది. ఇన్నేళ్లకైనా ఆ రిఫండ్లు కదలడానికి కారణం, ఫిర్యాదులన్నీ ఒకచోట పోగవడం. ఒక్కొక్కరు విడిగా ఏజెంటు గుమ్మం తొక్కితే ఇంత కదలిక వచ్చేది కాదేమో.

కశ్మీర్ టూర్, 2025 ఏప్రిల్

పహల్గామ్‌లో పర్యాటకుల మీద ఉగ్రదాడి 2025 ఏప్రిల్ 22న జరిగింది. సరిగ్గా వేసవి సెలవుల ముందు. కశ్మీర్ ప్యాకేజీలు మాట్లాడుకున్న తెలుగు కుటుంబాలు వద్దనుకోవడంలో వింతేం లేదు. ఎయిరిండియా, ఇండిగో శ్రీనగర్ టికెట్ల మీద ఏప్రిల్ 30 దాకా ప్రయాణాలకు తేదీ మార్పు, క్యాన్సిలేషన్ చార్జీలు మాఫీ చేశాయి. విమానం వరకు బాగానే ఉంది. గొడవంతా హోటలు, హౌస్‌బోటు, బండి అడ్వాన్సుల దగ్గర మొదలవుతుంది. ఎయిర్‌లైన్ చార్జీ మాఫీ చేసిందని హోటలు కూడా చేయాలనేం లేదు. 'ఎయిర్‌లైన్ పూర్తిగా ఇచ్చింది కదా, మీరెందుకు కోస్తున్నరు?' అని అడిగే కస్టమరూ, 'ప్యాకేజీ కాబట్టి మొత్తం పోయినట్టే' అనే ఏజెంటూ ఇద్దరూ సగం సగమే కరెక్టు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం, చేయాల్సిన పని అసాధ్యమైపోతే ఒప్పందమే రద్దవుతుంది. అలా రద్దైనప్పుడు పుచ్చుకున్న లాభం తిరిగివ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. అయితే భయపడి మానుకోవడం వేరు, అసాధ్యం కావడం వేరు. ఆ మే నెలలో భారత్-పాక్ ఉద్రిక్తతల వల్ల ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలు మూసేశారు, 12న మళ్లీ తెరిచారు. ఆ మూత రోజుల్లో ప్రయాణం ఉన్నవాళ్ల వాదన గట్టిది. జూన్ టికెట్టు ఏప్రిల్‌లోనే భయంతో క్యాన్సిల్ చేసుకున్నవాళ్లది అంత గట్టిది కాదు. వాళ్లకు పనికొచ్చేది 74వ సెక్షన్. ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, అందులో సమంజసమైన పరిహారమే రాబట్టుకోవచ్చంటుంది అది. రెండు నెలల ముందే వద్దన్న గదిని హోటలు వేరేవాళ్లకు ఇచ్చుకోగలదు. అలాంటప్పుడు నూటికి నూరు కోయడం సమంజసమా అన్నది అడగదగ్గ ప్రశ్న.

నా మటుకు నాకు ఏజెంట్లు డబ్బు కోయడం మీద పెద్ద ఫిర్యాదు లేదు. ఎంత కోశారో, ఎవరికి కట్టారో కాగితం మీద చూపించకపోవడమే అసలు పేచీ. విమానం ఎంత, హోటలు ఎంత, బండి ఎంత, నీ కమీషన్ ఎంత అని నాలుగు వరుసలు రాసిస్తే సగం తగాదాలు ఆఫీసు మెట్లు కూడా ఎక్కవు.

రాజుగారికి అపెండిసైటిస్

అడ్వాన్సు గొడవ కొత్తదేం కాదు. 1902 జూన్ 26న లండన్‌లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం జరగాల్సి ఉంది. ఊరేగింపు చూడటానికి హెన్రీ అనే ఆయన పాల్ మాల్ వీధిలోని గదులు రెండు పగళ్లకు 75 పౌండ్లకు మాట్లాడుకుని 25 పౌండ్లు అడ్వాన్సు ఇచ్చాడు. రాజుకు కడుపులో నొప్పి వచ్చి ఆపరేషన్ అయింది, ఊరేగింపు వాయిదా పడింది. గదుల యజమాని క్రెల్ మిగతా 50 పౌండ్లకు దావా వేశాడు. 1903లో కోర్టు ఇవ్వక్కర్లేదంది. కానీ 25 పౌండ్ల అడ్వాన్సు కోసం వేసిన ఎదురు దావాను హెన్రీ అప్పీలులో వదులుకున్నాడు. కట్టేసిన అడ్వాన్సు తిరిగిప్పించే చట్టం ఇంగ్లండుకు 1943లో గానీ రాలేదు. మన 65వ సెక్షన్ అప్పటికే డెబ్బై ఏళ్ల పాతది.

'నేను ఏజెంటునే సార్, నా చేతుల ఏం లేదు'

కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ఈ మాటకు కొంత బలమిస్తుంది. వేరేవాళ్ల తరఫున పని చేసిన ఏజెంటు మామూలుగా సొంతంగా బాధ్యుడు కాడు. అయితే తాను ఎవరి తరఫునో పేరు చెప్పకుండా అమ్మితే ఆ రక్షణ ఉండదు, బాధ్యత అతనిదేనని చట్టం అనుకుంటుంది. సొంత పేరుతో పాంప్లెట్ వేసి, సొంత లెటర్‌హెడ్ మీద రసీదిచ్చి, మొత్తం ప్యాకేజీకి ఒకే ధర కట్టి అమ్మినవాడు 'నేను ఏజెంటునే' అంటే నిలవడం కష్టం. ఇంకో వైపు నుంచి చూస్తే 218వ సెక్షన్ ఉంది. తనను పని మీద పెట్టినవాడి లెక్కలో వచ్చిన డబ్బును ఏజెంటు వాళ్లకు అప్పజెప్పాలి. ఎయిర్‌లైన్ మీ పేరు మీద వెనక్కి పంపిన డబ్బు అతని వాలెట్‌లో పడితే అది అతనిది కాదు.

బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు, రసీదు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో ఉంది. బిల్లు లేదని మీ కేసు చచ్చిపోదు. ఏజెంటు సొంత నంబరుకు యూపీఐలో పంపిన డబ్బు, 'టికెట్స్ కన్ఫర్మ్ అన్నా' అన్న వాట్సాప్ మెసేజి, ఆయన పంపిన ఇటినరరీ, ఇవన్నీ ఆధారాలే. ఫోన్ మార్చేటప్పుడు ఆ చాట్ పోగొట్టుకోకండి, అంతే.

ఆన్‌లైన్‌లో టికెట్ కొంటుంటే ఇన్సూరెన్స్ దానంతటదే చేరిపోవడం, వద్దంటే 'నా ప్రయాణానికి రక్షణ అక్కర్లేదు' అని సిగ్గుపడేలా రాయడం చూసే ఉంటారు. 2023 నవంబరు 30న వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు ఇలాంటి 13 రకాల మాయలను నిషేధించాయి. సిగ్గుపరచి కొనిపించే రకానికి అందులో ఇచ్చిన ఉదాహరణే విమాన ప్రయాణ బీమా!

కంపెనీ ముంబైలో, కేసు మీ జిల్లాలో

రసీదు వెనక చిన్న అక్షరాల్లో 'తగాదాలు ముంబై కోర్టుల పరిధిలోనే' అని ఉంటుంది. పాత 1986 వినియోగదారుల చట్టం కింద కంపెనీ ఆఫీసు ఎక్కడుందో, లావాదేవీ ఎక్కడ జరిగిందో అక్కడికి పోవాల్సి వచ్చేది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోట లేదా ఉద్యోగం చేసేచోట కూడా వేయొచ్చంది. కీసరలో ఉంటూ ముంబై కంపెనీ దగ్గర సింగపూర్ టూర్ కొన్నవాళ్లు మన వైపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. 'వచ్చే నెల, వచ్చే నెల' అని ఏజెంటు తిప్పుతుంటే ఆ రెండేళ్లు కరిగిపోవడం తెలియదు.

సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇస్తే పని కాదా అని కొందరికి సందేహం. కానీ ప్రైవేటు ఏజెంటు నుంచి రిఫండ్ ఇప్పిస్తూ తీర్పు ఇవ్వగలిగేది వినియోగదారుల కమిషనే.

ఇక '420 కేసు పెడతా' అనే బెదిరింపు. 2024 జులై 1 తర్వాత జరిగిన మోసాలకు 420 లేదు, భారతీయ న్యాయ సంహితలో అది 318వ సెక్షన్‌లో కలిసింది. పైగా రిఫండ్ ఆలస్యమైందని పోలీసులు కేసు కట్టరు, మొదటి నుంచే ముంచే ఉద్దేశం కనిపించాలి. పదిమంది దగ్గర చార్‌ధామ్ డబ్బులు వసూలు చేసి, టికెట్లే కొనకుండా షట్టరు దించి పోయినవాడి సంగతి వేరు. వాడి కోసం మొదట పోలీస్ స్టేషన్‌కే పోవాలి.

1915కు తెలుగులోనే చెప్పొచ్చు

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఇది 17 భాషల్లో పని చేస్తుంది, అందులో తెలుగు ఒకటి. 2025 ఏప్రిల్ చివరి నుంచి డిసెంబరు చివరి దాకా కోర్టు గడప తొక్కకుండా సుమారు 45 కోట్ల రిఫండ్లు ఇప్పించింది. ఆన్‌లైన్ షాపింగ్ తర్వాత రెండో స్థానం ప్రయాణాలు, టూర్లదే. ఇది తీర్పు ఇచ్చే చోటు కాదు, కంపెనీకి ఫిర్యాదు పంపి మధ్యవర్తిత్వం చేస్తుంది. పెద్ద కంపెనీల మీద బాగా పని చేస్తుంది. బోర్డు ఒక్కటే ఉన్న చిన్న ఆఫీసు మీద ఎంత పని చేస్తుందో చెప్పలేం.

క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే ఇంకో దారి ఉంది. సేవ అందలేదని బ్యాంకుకు చెప్పి చార్జ్‌బ్యాక్ అడగొచ్చు. దానికి గడువు సాధారణంగా 120 రోజులే.

పాట పాడి పారిపోయిన యోడ్లర్

టూర్ జరిగి కూడా చెప్పినట్టు జరగకపోతే? లండన్ వైపు మున్సిపల్ ఉద్యోగి, వృత్తిరీత్యా వకీలు అయిన జార్విస్ 1969 క్రిస్మస్‌కు స్విట్జర్లాండ్ టూర్ కొన్నాడు. ధర 63 పౌండ్లు చిల్లర. బ్రోచర్‌లో సందడి, విందులు, మంచు మీద ఆటలు, యోడ్లర్లు అనే అక్కడి కొండ పాటగాళ్ల పాటలు అని రాశారు. మొదటి వారం హోటల్లో 13 మంది ఉన్నారు. రెండో వారం ఆయన ఒక్కడే! యోడ్లర్ అన్నవాడు పని బట్టల్లోనే వచ్చి గబగబా నాలుగు పాటలు పాడి వెళ్లిపోయాడు. కింది కోర్టు 31 పౌండ్ల చిల్లర ఇప్పించింది. 1972లో లార్డ్ డెన్నింగ్ ఉన్న అప్పీలు కోర్టు 125 పౌండ్లకు పెంచింది, అంటే కట్టినదానికి దాదాపు రెట్టింపు. పాడైన సెలవుల నిరాశకు కూడా ఖరీదు కట్టొచ్చన్న మాట ఆ కేసుతోనే స్థిరపడింది. మన కమిషన్లు కూడా టికెట్ డబ్బుతో పాటు మానసిక వేదనకు పరిహారం విడిగా రాస్తుంటాయి.

అమెరికా, ఇంగ్లండుల్లో ఉన్న పిల్లలకు

అమ్మానాన్నలకు టికెట్లు అక్కడి నుంచే కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి రెండు ముక్కలు. అమెరికాలో 2024 నాటి రవాణా శాఖ నిబంధన ప్రకారం, విమానం రద్దైతే కార్డు బిల్లు మీద ఎవరి పేరుందో వాళ్లే రిఫండ్ ఇవ్వాలి. అక్కడ ఏజెంటు పేరుంటే ఏజెంటే. ఇంగ్లండులో ప్యాకేజీ టూర్ ఒప్పందం రద్దైతే రావాల్సిన రిఫండ్‌కు 14 రోజుల గడువు. 100 పౌండ్లకు పైబడి 30 వేల దాకా ధర ఉండి, క్రెడిట్ కార్డుతో కట్టినదైతే 1974 చట్టం 75వ సెక్షన్ కింద కార్డు కంపెనీనే నిలదీయొచ్చు.

క్యాన్సిలేషన్ చార్జీ మీదా జీఎస్టీ ఉంటుంది

ఏజెంటు కోసిన చార్జీ పక్కన జీఎస్టీ కనిపిస్తే మోసం అనుకోకండి. 2022 ఆగస్టు 3 నాటి సర్క్యులర్ ప్రకారం అసలు సేవ మీద ఏ రేటో క్యాన్సిలేషన్ రుసుము మీదా అదే రేటు. చూడాల్సింది రేటును. టూర్ ప్యాకేజీకి 5 శాతం వేసి, క్యాన్సిలేషన్ మీద 18 వేస్తే అడగండి.

ఏజెంటు దగ్గర లేని డబ్బు ఇంకొకటి

విదేశీ టూర్ ప్యాకేజీ కొన్నప్పుడు టీసీఎస్ పేరుతో కొంత ఆదాయపు పన్ను ముందుగానే వసూలు చేస్తారు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి మొత్తం మీద 2 శాతమే అని 2026 బడ్జెట్‌లో ప్రకటించారు. టూర్ క్యాన్సిల్ అయ్యాక చాలామంది ఈ డబ్బు ఏజెంటు మింగాడనుకుని కొట్లాడుతుంటారు. అతను నిజాయతీగా కట్టి ఉంటే అది ఆదాయపు పన్ను శాఖ దగ్గర, మీ పాన్ మీద జమై ఉంటుంది. 26ఏఎస్ ఫారం తెరిచి చూడండి. అక్కడ కనిపిస్తే రిటర్న్ వేసేటప్పుడు క్లెయిమ్ చేసుకోవచ్చు, కట్టాల్సిన పన్నే లేనివాళ్లకు మొత్తం వెనక్కి వస్తుంది. కనిపించకపోతే ఏజెంటును అడగాల్సిన మొదటి కాగితం టీసీఎస్ సర్టిఫికెట్.